ఎక్స్‌రే గదిలో, సీ-ఆర్మ్ దగ్గర పనిచేసే సిబ్బందిని రేడియేషన్ నుంచి కాపాడుకోవడం ఎలా?

నెల్లూరు పొగతోటలోని నర్సింగ్ హోమ్‌లలోనూ, ఒంగోలు, కావలి వంటి ఊళ్లలోని డయాగ్నస్టిక్ సెంటర్లలోనూ ఎక్స్‌రే యంత్రం ఎంత మామూలు వస్తువైపోయిందంటే, అది అయనీకరణ రేడియేషన్‌ను, అంటే శరీర కణాలను దెబ్బతీయగల కిరణాలను, వెలువరించే పరికరమన్న సంగతి పని ఒత్తిడిలో చాలామందికి గుర్తుకే రాదు. ఈ వ్యాసం అక్కడ పనిచేసే టెక్నీషియన్లకు, ఆపరేషన్ థియేటర్ నర్సులకు, వార్డుబాయ్‌లకు, ఆయాలకు, వారందరి బాధ్యత మోయవలసిన ఆసుపత్రి యజమానులకు ఉద్దేశించినది. నేడు సిబ్బంది మీద అనవసరంగా పడుతున్న రేడియేషన్‌లో ఎక్కువ భాగం యంత్రం లోపం వల్ల కాదని, తలుపు వేయకపోవడం, ఒంటి మీద పడిన రేడియేషన్‌ను నమోదు చేసే బ్యాడ్జి పెట్టుకోకపోవడం, రోగిని పట్టుకోవడానికి ఎవరినో ఒకరిని లోపలికి పిలవడం వంటి అలవాట్ల వల్లనేనని నా దృఢమైన అభిప్రాయం. అలవాట్లను మార్చుకోవడానికి పెద్దగా డబ్బు అవసరం లేదు కాబట్టి చిన్న ఆసుపత్రి అయినా ఈ పని చేయగలదు.

రేడియేషన్ ఎక్కడినుంచి వస్తుందో ముందు తెలుసుకోండి

యంత్రానికి కరెంటు ఉన్నంత మాత్రాన ఎక్స్‌రేలు రావు. స్విచ్ నొక్కి ఎక్స్‌పోజర్ ఇచ్చిన ఆ కొద్దిసేపు, చాలా పరీక్షల్లో సెకనులో కొంత భాగం మాత్రమే, అవి వెలువడతాయి. స్విచ్ వదిలిన తర్వాత గదిలోని గాలిలో గానీ, బల్ల మీద గానీ, రోగి ఒంట్లో గానీ ఏమీ మిగలదు. ఈ ఒక్క విషయం తెలియక, ఎక్స్‌రే తీయించుకొని వచ్చిన రోగిని ముట్టుకోవడానికి జంకే ఆయాలు ఉన్నారు. మరోపక్క, ఎక్స్‌పోజర్ ఇస్తున్న క్షణంలోనే తలుపు సందున నిలబడి టెక్నీషియన్‌తో మాట్లాడేవారూ ఉన్నారు. ఉండవలసిన చోట భయం లేదు, అక్కరలేని చోట ఉంది.

ట్యూబు నుంచి నేరుగా రోగి మీద పడే కిరణపుంజం అన్నిటికంటే తీవ్రమైనది, అందులో సిబ్బంది శరీరంలోని ఏ భాగమూ ఎప్పుడూ ఉండకూడదు. ట్యూబు కవచం నుంచి కొంత లీకేజి ఉంటుంది కానీ, మంచి స్థితిలో ఉన్న యంత్రంలో అది ఒక మీటరు దూరంలో గంటకు 1 మిల్లీగ్రే (గ్రహించిన రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) లోపు ఉండాలన్న నిబంధన ఉంది. నిజానికి సిబ్బందికి రోజూ ఎదురయ్యేది మూడోది, అంటే రోగి శరీరానికి తగిలి నాలుగు దిక్కులకూ చెదిరే కిరణాలు. రోగికి ఒక మీటరు దూరంలో వీటి తీవ్రత, రోగి ఒంటి మీద పడినదానిలో సుమారు వెయ్యోవంతు ఉంటుంది. ఆ అంకె వినడానికి చిన్నదే, అయితే రోగికి ఆ పరీక్ష ఎప్పుడో ఒకసారి, మీకు మాత్రం అది ఉద్యోగం ఉన్నంతకాలం ప్రతిరోజూ.

దూరం మీకు ఉచితంగా దొరికే రక్షణ. దూరం రెండింతలైతే తీవ్రత నాలుగోవంతుకు, మూడింతలైతే తొమ్మిదోవంతుకు పడిపోతుంది. కాబట్టి రోగి దగ్గర నుంచి వెనక్కి వేసే రెండు అడుగులు కూడా లెక్కలోకి వస్తాయి.

గదిలోకి ఎవరెవరు వస్తున్నారో జాబితా రాయండి

చాలా ఆసుపత్రుల్లో రేడియేషన్ సిబ్బంది ఎంతమంది అని అడిగితే టెక్నీషియన్ పేరొక్కటే చెబుతారు. మీరు ఒక వారం పాటు గది తలుపు దగ్గర గమనించి, ఎక్స్‌పోజర్ సమయంలో లోపల ఎవరెవరు ఉన్నారో ఒక నోటు పుస్తకంలో రాసి చూడండి. కాలు విరిగిన రోగిని ట్రాలీ మీద తెచ్చి అక్కడే నిలబడిపోయే వార్డుబాయ్, క్యాసెట్ అందించే కుర్రవాడు, శిక్షణ కోసం వచ్చిన పారామెడికల్ విద్యార్థి, థియేటర్‌లో సీ-ఆర్మ్ (ఆపరేషన్ జరుగుతుండగానే లోపలి ఎముకలను తెర మీద చూపే, 'సి' ఆకారపు చెయ్యి ఉన్న ఎక్స్‌రే యంత్రం) పక్కనే గంటల తరబడి నిలబడే నర్సు, మత్తు డాక్టరు, వీరందరూ ఆ జాబితాలో కనిపిస్తారు. ఎవరి పని రేడియేషన్‌తో ముడిపడి ఉందో వారికి బ్యాడ్జి, శిక్షణ ఇవ్వండి. ఎవరికి ఆ గదిలో పని లేదో వారిని ఎక్స్‌పోజర్ వేళకు బయటికి పంపండి. మధ్యేమార్గం లేదు.

వయసు కూడా చూడండి. 18 ఏళ్లు నిండనివారిని రేడియేషన్ పనిలో పెట్టుకోకూడదు. 16 ఏళ్లు దాటిన శిక్షణార్థులకు ఏడాదికి 6 మిల్లీసీవర్ట్‌ల (శరీరానికి కలిగే ముప్పును బట్టి మోతాదును కొలిచే ప్రమాణం) పరిమితి ఉంది. ఇక పనిచేసేవారి విషయంలో ఏఈఆర్‌బీ అని అందరూ పిలిచే అణుశక్తి నియంత్రణ మండలి నిర్దేశించిన పరిమితి, వరుసగా ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30కి మించకూడదు. సామాన్య ప్రజలకు ఈ పరిమితి ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ మాత్రమే, కాబట్టి వరండాలో కూర్చున్న రోగి బంధువును, పక్కగదిలో బిల్లులు రాసే గుమాస్తాను మీరు ఆ లెక్కన కాపాడాలి. పరిమితి అంటే అంతవరకు తీసుకోవచ్చని అర్థం కాదు. క్యాన్సర్ ముప్పు విషయంలో ఇంతలోపు అయితే పూర్తిగా సురక్షితమని గీత గీయలేం కాబట్టే, పని జరగడానికి ఎంత తక్కువ సరిపోతుందో అంతకే ఆపాలన్నది రేడియేషన్ రక్షణకు మూలసూత్రం.

గదిని ఒకసారి పరీక్షగా చూడండి

అద్దె ఇంటిని ఆసుపత్రిగా మార్చిన చోట ఎక్స్‌రే గది చాలాసార్లు వంటగదిగానో, స్టోర్‌గానో ఉన్న గదే అవుతుంది. గోడలను కొలవండి. నేరుగా కిరణపుంజం పడే గోడ, ముఖ్యంగా ఛాతీ స్టాండ్ వెనుక ఉన్న గోడ, 35 సెంటీమీటర్ల ఇటుక గోడ గానీ దానికి సమానమైనది గానీ అయి ఉండాలి. చెదిరిన కిరణాలు మాత్రమే పడే గోడలకు 23 సెంటీమీటర్లు, అంటే మన మేస్త్రీలు తొమ్మిదంగుళాల గోడ అనేది, సరిపోతుంది. తలుపులకు, కిటికీలకు 1.7 మిల్లీమీటర్ల సీసపు రేకుతో సమానమైన రక్షణ కావాలి. గాలి కోసం వదిలిన కన్నాలు ఏ రక్షణా లేనివైతే, అవి బయటి నేల నుంచి కనీసం 2 మీటర్ల ఎత్తులో ఉండాలి.

కంట్రోల్ ప్యానెల్ యంత్రానికి కనీసం 3 మీటర్ల దూరంలో, సీసపు అద్దం ఉన్న రక్షణ తెర వెనుక ఉండేలా చూడండి. ఆ తెర 1.5 మిల్లీమీటర్ల సీసానికి సమానంగా ఉండాలి, ఇక 125 కిలోవోల్టులు, ఆపైన పనిచేసే యంత్రాలకు వేరే కంట్రోల్ గదే ఉండాలి. తెర ఉందా లేదా అన్నదానికంటే, ఎక్స్‌పోజర్ ఇచ్చేటప్పుడు మీ శరీరం మొత్తం దాని వెనుక ఉందా అన్నది ముఖ్యం. రోగి కదిలాడేమోనని తల పక్కకు పెట్టి తొంగిచూసే అలవాటు ఉంటే మానుకోండి, చూడటానికే ఆ అద్దం పెట్టారు.

మన వైపు ఎండల సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. రోహిణీ కార్తెలో కరెంటు పోయి, జనరేటర్ మీద ఏసీ నడవక, గదిలో ఉక్కపోస్తుంటే తలుపు బార్లా తెరిచి పరీక్షలు చేస్తారు. సీసపు రేకు వేసిన తలుపు తెరిచి ఉన్నంతసేపు అది లేనట్టే, ఎదురుగా వరండా బెంచీ మీద కూర్చున్నవారికి రక్షణ లేనట్టే. యజమానులు దీన్ని టెక్నీషియన్ తప్పుగా చూడకుండా, ఎక్స్‌రే గదికి కూడా జనరేటర్ లైనులో ఏసీ గానీ, కనీసం గట్టి ఫ్యాను గానీ ఏర్పాటు చేయాలి. తలుపు మీద హెచ్చరిక బోర్డు తెలుగులో ఉండాలి, పైన ఎర్ర లైటు ఎక్స్‌పోజర్ వేళ నిజంగా వెలగాలి. బల్బు మాడిపోయి చాలాకాలమైన లైట్లు కొన్ని ఇంకా తలుపుల మీద వేలాడుతూనే ఉన్నాయి.

బ్యాడ్జిని సరిగా వాడండి

టీఎల్‌డీ (థర్మోల్యూమినెసెంట్ డోసిమీటర్) అనే ఈ బ్యాడ్జి మిమ్మల్ని కాపాడదు, మీ మీద ఎంత పడిందో చెబుతుంది. ప్లాస్టిక్ పెట్టెలో ఉండే చిన్న అల్యూమినియం కార్డు మీద మూడు గుండ్రటి బిళ్లలు ఉంటాయి. అవి డిస్‌ప్రోసియం కలిపిన కాల్షియం సల్ఫేట్‌ను టెఫ్లాన్‌లో పొదిగి చేసినవి. ఒక బిళ్ల ఎదురుగా లోహపు ఫిల్టరు, మరొకదాని ఎదురుగా ప్లాస్టిక్ ఉంటాయి, మూడోది తెరిచి ఉంటుంది. మూడింటి మీద పడినదాన్ని పోల్చి, ఏ రకపు రేడియేషన్ ఎంత అన్నది ప్రయోగశాలలో తేలుస్తారు. అందుకే బ్యాడ్జిని తిరగేసి పెట్టుకున్నా, కార్డును పెట్టెలోంచి తీసి పర్సులో దాచుకున్నా లెక్క తప్పుతుంది.

దాన్ని ఛాతీ మీద, లెడ్ ఏప్రన్ (సీసపు పొర ఉన్న రక్షణ తొడుగు) వేసుకున్నప్పుడు ఏప్రన్ లోపలి వైపున పెట్టుకోవాలి. పని అయ్యాక ఏప్రన్‌కే ఉంచి గదిలో మేకుకు తగిలించి వెళ్లిపోవడం మన దగ్గర కనిపించే అతి పెద్ద పొరపాటు. అప్పుడు అది మీ లెక్కను కాక ఆ మేకు లెక్కను చెబుతుంది, మూడు నెలల తర్వాత వచ్చే రిపోర్టులో ఎక్కువ అంకె కనిపిస్తే అది నిజమో కాదో తేల్చడానికి అందరూ తంటాలు పడాలి. రేడియేషన్ తగలని ఒక చోటు, ఉదాహరణకు రిసెప్షన్ దగ్గర ఒక చిన్న బోర్డు, నిర్ణయించి అందరి బ్యాడ్జిలూ, వాటితోపాటు పోలిక కోసం వచ్చే, ఎవరూ పెట్టుకోని కంట్రోల్ బ్యాడ్జి కూడా అక్కడే ఉంచండి. ఒకరిది మరొకరు పెట్టుకోకూడదు. మీరే రోగిగా ఎక్స్‌రేకో సీటీ స్కాన్‌కో వెళ్లినప్పుడు దాన్ని తీసేయాలి. పొరపాటున చొక్కాతో పాటు బట్టలు ఉతికేవారికి వేసినా, నేరుగా కిరణపుంజంలో పడినా దాచకుండా వెంటనే చెప్పండి.

పొద్దున ఒక ఆసుపత్రిలో, సాయంత్రం మరో సెంటర్‌లో పనిచేసే టెక్నీషియన్లు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. వారికి ఏ చోటి పనికి ఆ చోటి బ్యాడ్జి ఉండాలి. రెండు చోట్లా పడినది కలిపితేనే మీ అసలు మోతాదు తెలుస్తుంది కాబట్టి, రెండో ఉద్యోగం సంగతి దాచిపెట్టడం వల్ల నష్టపోయేది మీరే. బ్యాడ్జి ఖర్చు యజమానిదే, జీతంలో కోసుకోవడానికి వీల్లేదు. మూడు నెలలకోసారి వచ్చే రిపోర్టును ఆఫీసు బీరువాలో పడేయకుండా, ప్రతి ఒక్కరికీ వారి అంకె చూపించి సంతకం తీసుకోండి.

ఎక్కువ మోతాదు వచ్చినట్టు రిపోర్టు చెబితే కంగారు పడి బ్యాడ్జి పెట్టుకోవడం మానేయకండి. ఆ మూడు నెలల్లో బ్యాడ్జి ఎక్కడుంది, ఎలాంటి కేసులు చేశారు, ఏవైనా కొత్త పద్ధతులు మొదలయ్యాయా అన్నది ఆసుపత్రిలో రేడియేషన్ భద్రత చూసే రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌తో కూర్చొని నిజాయితీగా రాయండి. సిబ్బందిని తిట్టే యజమాని దగ్గర ఎవరూ నిజం రాయరు, నిజం తెలియకపోతే కారణం అలాగే ఉండిపోతుంది.

రోగిని పట్టుకోవలసి వస్తే

రెండేళ్ల బిడ్డ ఏడుస్తూ మెలికలు తిరుగుతోంది, ఛాతీ ఎక్స్‌రే కావాలి, బయట ఇంకా పదిమంది ఉన్నారు. "ఇట్టా వచ్చి కాస్త పట్టుకోవయ్యా" అని వార్డుబాయ్‌ని పిలవడం ఆ సమయానికి సులువుగా ఉంటుంది. మరో గంటకు మరో బిడ్డ, మళ్లీ ఆ మనిషే. బ్యాడ్జి లేని ఆ మనిషి లెక్క ఏ పుస్తకంలోకీ ఎక్కదు. అందుకే ఒక నియమం పెట్టుకోండి: సిబ్బంది రోగిని పట్టుకోకూడదు. ఇసుక సంచులు, వెల్‌క్రో పట్టీలు, మెత్తటి దిండ్లు గదిలో ఎప్పుడూ సిద్ధంగా ఉంచండి. అవి చాలనప్పుడు రోగి బంధువుల్లో ఒకరిని, గర్భిణి కానివారిని, ఏప్రన్ తొడిగి, కిరణపుంజం పడే చోటికి చేతులు రాకుండా ఎక్కడ నిలబడాలో చూపించి పట్టుకోమనండి. "బిడ్డను భుజాల దగ్గర పట్టుకోండమ్మా, మీరు ఈ పక్కకు జరగండి" అని ముందే రెండు మాటలు చెబితే రెండోసారి తీయవలసిన అవసరం తప్పుతుంది.

మళ్లీ మళ్లీ తీయడం వల్ల రోగికే కాదు, సిబ్బందికీ భారం పెరుగుతుంది. కొలిమేటర్ (కిరణపుంజం వెడల్పును కుదించే భాగం) లైటును చూసుకొని, కావలసిన భాగానికే కిరణాలు పడేలా కుదించండి. తక్కువ భాగం మీద పడితే తక్కువగా చెదురుతాయి, ఫిల్ము కూడా స్పష్టంగా వస్తుంది. పడక దగ్గరికే తీసుకెళ్లే మొబైల్ యంత్రంతో పనిచేసేటప్పుడు స్విచ్ తీగను పూర్తిగా లాగి, కనీసం 2 మీటర్ల దూరం వెళ్లి, ఏప్రన్ వేసుకొని, పక్క మంచాల దగ్గరి అటెండర్లను పక్కకు పంపిన తర్వాతే నొక్కండి.

సీ-ఆర్మ్ దగ్గర ఎక్కువ జాగ్రత్త

జాతీయ రహదారి మీద ప్రమాదాలు జరిగిన ప్రతిసారీ కావలి నుంచి నెల్లూరు దాకా ఆర్థో థియేటర్లలో సీ-ఆర్మ్ పని పెరుగుతుంది. మామూలు ఎక్స్‌రే గదిలో టెక్నీషియన్ తెర వెనుక ఉంటాడు, ఇక్కడ మాత్రం సర్జన్, నర్సు, అసిస్టెంట్ రోగి పక్కనే నిలబడాలి. సిబ్బంది రక్షణలో అసలు శ్రద్ధ పెట్టవలసిన చోటు ఇదేనని నేను నమ్ముతాను.

ట్యూబును బల్ల కిందికి, చిత్రాన్ని అందుకునే ఇంటెన్సిఫయర్‌ను పైకి ఉంచండి. కిరణాలు రోగి శరీరంలోకి ప్రవేశించే వైపునే ఎక్కువగా చెదురుతాయి కాబట్టి, ట్యూబు కింద ఉంటే అవి కాళ్ల వైపు పోతాయి, పైన ఉంటే నేరుగా సర్జన్ ముఖానికి, కళ్లకు వస్తాయి. పక్కనుంచి చూడవలసిన లేటరల్ వ్యూలో ట్యూబు వైపున కాక, ఇంటెన్సిఫయర్ వైపున నిలబడండి. ఇంటెన్సిఫయర్‌ను రోగికి వీలైనంత దగ్గరగా, ట్యూబును వీలైనంత దూరంగా ఉంచండి. మాగ్నిఫికేషన్ తప్పనిసరైతేనే వాడండి, అది మోతాదును పెంచుతుంది.

పెడల్ మీద కాలు పెట్టినవారి చేతిలోనే థియేటర్‌లో అందరి మోతాదూ ఉంటుంది. నిరంతరంగా చూస్తూ కూర్చోకుండా, తొక్కి, వదిలి, తెర మీద నిలిచిపోయిన చివరి చిత్రాన్ని చూస్తూ పని సాగించమని సర్జన్‌ను మర్యాదగా అడగడం నర్సుకూ టెక్నీషియన్‌కూ ఉన్న హక్కు. ఐదు నిమిషాలకు మోగే టైమర్‌ను చిరాకుగా ఆపేయకుండా, ఎంతసేపు వాడామన్నది కేసు షీటులో రాయండి. పని లేనివారు రెండు అడుగులు వెనక్కి జరగాలి, నర్సుకు అందించే పని లేనప్పుడు ఆమెకు కూడా అది వర్తిస్తుంది. విరిగిన ఎముకను సరిచేస్తూ పట్టుకునే చేతులు కిరణపుంజంలోకి రావడం చాలా మామూలుగా జరుగుతుంది. కొలిమేట్ చేసి, చేతులు తీసిన తర్వాతే తొక్కాలి. ఎక్స్‌రేలు కనుగొన్న తొలి రోజుల్లో, ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ తన చేతుల మీదనే పదేపదే పరీక్షలు చేసుకొని, చేతులు కోల్పోయి 1904లో మరణించాడు. చేతులకు ఏడాదికి 500 మిల్లీసీవర్ట్‌ల పరిమితి ఇప్పుడు ఉన్నా, కిరణపుంజంలో చెయ్యి పెట్టే అలవాటు ఉన్నచోట దాన్ని చేరడానికి ఎక్కువకాలం పట్టదు.

కళ్ల సంగతి విడిగా చెప్పాలి. ఎక్స్‌రే సాయంతో గుండె రక్తనాళాల పరీక్షలు, చికిత్సలు చేసే క్యాథ్‌ల్యాబ్ వంటి చోట్ల ఏళ్ల తరబడి పనిచేసినవారి కంటి కటకంలో మచ్చలు రావడం అనేక దేశాల్లో గమనించారు. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ 2011లో కంటి కటకానికి సిఫారసు చేసే పరిమితిని ఏడాదికి 150 నుంచి, ఐదేళ్ల సగటున 20 మిల్లీసీవర్ట్‌లకు తగ్గించింది. సీ-ఆర్మ్, క్యాథ్‌ల్యాబ్ పనులు రోజూ చేసేవారికి సీసపు కళ్లద్దాలు, థైరాయిడ్ కాలర్ కొనివ్వడం యజమాని కనీస ధర్మం.

ఏప్రన్‌ను చూసుకోవడం

ఏప్రన్ కనీసం 0.25 మిల్లీమీటర్ల సీసానికి సమానంగా ఉండాలి, సీ-ఆర్మ్ పనికి ముందువైపు 0.5 ఉన్నది మంచిది. వెనక్కి తిరిగి పనిచేసేవారికి ముందువైపు మాత్రమే కప్పే ఏప్రన్ చాలదు, చుట్టూ కప్పేది ఇవ్వండి. మడతపెట్టి స్టూలు మీద పడేస్తే లోపలి పొర మడత దగ్గర చిట్లుతుంది, పైన గుడ్డ మాత్రం చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. లావుపాటి హ్యాంగర్‌కో, గుండ్రటి కమ్మీకో వేలాడదీయండి. ఏడాదికోసారి దాన్ని సీ-ఆర్మ్ కింద పరిచి తెర మీద చూడండి. సన్నటి తెల్లని గీతలో, మచ్చలో కనిపిస్తే, అవి పొట్ట, గొంతు భాగాల్లో ఉంటే దాన్ని పక్కన పెట్టేయండి. చెమటకు తడిసిన ఏప్రన్‌ను తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి కానీ, నీళ్లలో నానబెట్టకూడదు.

గర్భవతి అయిన ఉద్యోగిని

గర్భం అని తెలియగానే ఆమె లిఖితపూర్వకంగా తెలియజేయాలి, ఆ తర్వాత కడుపులోని బిడ్డకు మిగిలిన కాలమంతటిలో 1 మిల్లీసీవర్ట్ మించకుండా చూడాలి. దీని అర్థం ఆమెను ఉద్యోగంలోంచి తీసేయాలని కాదు. సీ-ఆర్మ్, మొబైల్ ఎక్స్‌రే డ్యూటీల నుంచి తప్పించి, రిపోర్టుల పని గానీ, తెర వెనుక నుంచి చేసే మామూలు ఎక్స్‌రేలు గానీ అప్పగించవచ్చు. ఉద్యోగం పోతుందన్న భయంతో నాలుగైదు నెలలు దాచిపెట్టే పరిస్థితి ఉన్నచోట ఏ నియమమూ బిడ్డను కాపాడలేదు కాబట్టి, జీతం తగ్గదని యాజమాన్యం ముందే అందరికీ చెప్పి ఉంచాలి.

కాగితాల పని

అణుశక్తి చట్టం 1962లో వచ్చింది, దాని కింద 2004లో చేసిన రేడియేషన్ రక్షణ నియమాలు యజమాని మీద, రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ మీద, పనిచేసేవారి మీద కూడా బాధ్యతలు పెట్టాయి. యంత్రానికి ఈలోరా అనే ఏఈఆర్‌బీ ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా లైసెన్సు తీసుకోండి, సెకండ్‌హ్యాండ్ యంత్రం కొంటున్నా ఇది తప్పదు. రెండేళ్లకోసారి క్వాలిటీ అష్యూరెన్స్ పరీక్ష, అంటే యంత్రం సరిగా పనిచేస్తోందో లేదో చూసే పరీక్ష, చేయించండి. పరీక్షకు వచ్చినవారు సంతకం చేసి వెళ్లిపోకుండా, సర్వే మీటరుతో కంట్రోల్ ప్యానెల్ దగ్గర, తలుపు బయట, వరండా బెంచీ దగ్గర ఎంత నమోదవుతోందో మీ ఎదుటే కొలిచి చూపించమని అడగండి.

ఉద్యోగంలో చేరేముందు, ఆ తర్వాత నిర్ణీత వ్యవధుల్లో జరగవలసిన వైద్య పరీక్షల కాగితాలను, మోతాదు రిపోర్టులను ఒకే ఫైలులో ఉంచుకోండి. ఉద్యోగం మారేటప్పుడు బ్యాడ్జి కోసం మీకు కేటాయించిన పర్సనల్ నంబరును, అప్పటివరకు వచ్చిన మోతాదు వివరాలను రాతపూర్వకంగా తీసుకొని కొత్త చోట ఇవ్వండి. పాత నంబరు చెప్పకుండా కొత్త బ్యాడ్జి తీసుకుంటే అప్పటిదాకా పడినది లెక్కలో కలవదు.